కృష్ణాతీరాన కొల్లూరు: ఒక గ్రామ చరిత్ర

మన పిడుగురాళ్లకు ఈశాన్య దిక్కున, బెల్లంకొండ మండలంలో, కృష్ణానది కుడి ఒడ్డున కొల్లూరు అనే గ్రామం ఉండేది. 'ఉన్నది' అని వ్రాయక 'ఉండేది' అని వ్రాయవలసి వచ్చినందువల్లనే ఈ వ్యాసానికి పూనుకొన్నాను. 2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైన తరువాత ఆ గ్రామం జలాశయపు నీటి క్రిందికి పోయినది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన వజ్రాలను గూర్చిన గ్రంథం ఏది తెరచినా కొల్లూరు పేరు కనిపిస్తుంది. ఒకనాడు తరగతిలో ఆ ఊరెక్కడ ఉన్నదని అడిగితే, సగం మంది విద్యార్థులు తెనాలి వైపున ఉన్న కొల్లూరు పేరు చెప్పినారు. అది వేరొక కొల్లూరు. కోహినూరు పేరు తెలియనివారు మాత్రం ఆ తరగతిలో ఒక్కరూ లేరు.

ముందు ఊరి ఉనికిని తెలిసికొందాము. నాగార్జునసాగరం దాటిన తరువాత కృష్ణ పల్నాటి ఉత్తరపు అంచును ఒరసికొంటూ, కొండల నడుమ వంపులు తిరుగుతూ ప్రవహిస్తుంది. ఆవలి ఒడ్డు పూర్వం నల్లగొండ జిల్లా, 2016 నుండి సూర్యాపేట జిల్లా. ఈ భాగంలో నది కేవలం నీటి ప్రవాహం కాదు, సరిహద్దు కూడా. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చిన నాటి నుండి 1948 వరకు ఈ ఒడ్డున కంపెనీ, ఆపై బ్రిటిషు ప్రభుత్వం, స్వాతంత్ర్యానంతరం మద్రాసు రాష్ట్రం ఉండగా, ఆ ఒడ్డున నిజాం ప్రభుత్వం ఉండేది. 1956లో రెండు ఒడ్డులూ ఒకే రాష్ట్రంలోనికి వచ్చినవి. 2014లో నది మళ్లీ సరిహద్దైనది. ఇంతకు ముందటి కాలానికి పోతే, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గాలలో వినుకొండ, నాగార్జునకొండలతో పాటు మన బెల్లంకొండయు, కొల్లూరికి పొరుగున ఉన్న కేతవరమును శాసనాలలో పేర్కొనబడినవి. 1579 ప్రాంతంలో ఈ సీమ గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల ఏలుబడిలోనికి వచ్చినది. కొండవీడు ముర్తుజానగరమైనది అప్పుడే. కొల్లూరి పేరు దేశాంతరాలకు ప్రాకినది కూడా ఆ తరువాతనే.

కొల్లూరి గని ఎట్లు బయటపడినదో చెప్పే కథలు రెండు ఉన్నవి. రెండింటినీ వ్రాసి పెట్టినవారు విదేశీయులే. మచిలీపట్టణంలోని ఇంగ్లీషు వర్తక స్థావరంలో ఉద్యోగిగా ఉండిన విలియం మెథోల్డ్ 1622 ప్రాంతంలో ఒక వజ్రాల గనిని చూచి వచ్చినాడు. అది కొల్లూరి గనియే అని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఆయన విన్న కథ ప్రకారం, కొండలలో మేకలు కాచుకొనే ఒక పేదవాని కాలికి మెరిసే రాయి ఒకటి తగిలినది. వాడు దానిని కొద్దిపాటి బియ్యానికి ఇచ్చివేసినాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బాప్తిస్త్ తవెర్నియే 1645 ప్రాంతంలో వచ్చినప్పుడు విన్న కథ వేరు. తన రాకకు సుమారు నూరేండ్ల క్రితం, చిరుధాన్యపు పైరు వేయుటకు నేల త్రవ్వుతున్న ఒక బీదవానికి మొనదేరిన రాయి దొరికినది. దాని తూకం 25 క్యారట్ల వరకు ఉన్నదట. వాడు దానిని గోల్కొండకు తీసికొనిపోగా, అదృష్టవశాత్తు వజ్రాల వర్తకుని కంటనే పడినది. అప్పటి వరకు పది పన్నెండు క్యారట్లకు మించిన రాళ్లను చూచి ఎరుగని ఆ వర్తకుడు ఆశ్చర్యపడి, అది దొరికిన చోటు ఎక్కడో అడిగి తెలిసికొన్నాడు.

ఈ రెండు కథలలో ఏది నిజమైనదో తేల్చే సాధనం మన వద్ద లేదు. మేకల కాపరి కావచ్చు, మెట్టరైతు కావచ్చు. మన పల్నాటిలో ఈనాటికీ ఆ రెండు వృత్తులవారూ ఉన్నారు. రెండు కథలలోను రాయి బరువు, రాయి వెల, రాయి ప్రయాణం చెప్పబడినవి. దొరికించుకొన్నవాని పేరు మాత్రం రెండింటిలోను లేదు. కొల్లూరి చరిత్రను చదువుతున్నంతసేపు విద్యార్థి ఈ లోపాన్ని గమనించవలెనని నా మనవి.

ఇక గని స్వరూపం. తవెర్నియే ఆ ఊరికి 'గని' అని, 'కొలూర్' అని రెండు పేర్లు చెప్పి, మొదటిది దేశభాషలోని పేరనీ రెండవది పారశీకమనీ వ్రాసినాడు. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన విద్యార్థులకు ఇక్కడ నవ్వు రాక మానదు. తెలుగులో 'గని' అన్నా, పారశీకంలో 'కాన్' అన్నా అర్థం ఒక్కటే. కొల్లూరు అన్నది ఊరి పేరు. గోల్కొండ కచేరీలో పారశీక లేఖకులు 'కాన్-ఎ-కొల్లూర్' అని వ్రాసి ఉందురు, తెలుగు కూలీలు 'కొల్లూరి గని' అని ఉందురు. రెండూ కలసి ఆయన చెవిలో తలక్రిందులైనవి. కృష్ణకు ఆవల కంచికచర్ల సమీపంలో గని ఆతుకూరు అనే గ్రామం నేటికీ ఆ మాటను తన పేరులో మోస్తున్నది. అదియు వజ్రాలు దొరికిన సీమయే. నిజాం తన సర్కారులను కంపెనీకి ఒప్పగించినప్పటికీ అక్కడి పరిటాల మొదలైన కొన్ని గ్రామాలను తన క్రిందనే ఉంచుకొన్నాడు.

ఊరికిని కొండలకును నడుమ సుమారు కోసున్నర మైదానమనీ, కొండలు అర్ధచంద్రాకారంగా వంగి ఉన్నవనీ, ఆ మైదానంలోనే త్రవ్వకం జరిగేదనీ తవెర్నియే వర్ణించినాడు. కొండకు దగ్గరయ్యే కొద్దీ పెద్ద రాళ్లు దొరికేవట. మరీ పైకి పోతే ఏమీ దొరకదట. నేల రంగును బట్టి రాయి ఛాయ మారేదనీ, నల్లని తేమ నేలలోని రాయికి నల్లఛాయ, ఎర్రనేలలోని రాయికి ఎర్రఛాయ అంటేదనీ అతని పరిశీలన. నల్లరేగడికి, ఎర్రచెక్కకు ఉన్న భేదం మన మిరప రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

పని జరిగిన విధానాన్ని అతడు చాలా ఓపికగా వ్రాసినాడు. త్రవ్వవలసిన చోటును ఎన్నుకొన్న పిదప, దాని ప్రక్కనే అంతే విశాలమైన మరియొక స్థలాన్ని చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తు గోడ కట్టేవారు. గోడ అడుగున నీరు పోవుటకు తూములు విడిచి, అవసరం వచ్చే వరకు వాటిని మూసి ఉంచేవారు. పని ఆరంభించే రోజున యజమాని తన బంధుమిత్రులతో వచ్చేవాడు. పురుషులు, స్త్రీలు, పిల్లలు అందరూ సమావేశమై, ఆయన తెచ్చిన చిన్న రాతి విగ్రహానికి మూడుమార్లు సాగిలపడి మ్రొక్కేవారు. పూజారి ప్రార్థన చేసి, కుంకుమపువ్వును జిగురుతో కలిపి వారి నుదుట బొట్టు పెట్టి, దానిపై ఏడెనిమిది బియ్యపు గింజలు అంటించేవాడు. తరువాత ఎవరు తెచ్చుకొన్న కడవ నీటితో వారు స్నానం చేసి, బారులు తీరి కూర్చుండి విస్తళ్లలో యజమాని పెట్టిన అన్నం తినేవారు. నేయి, చక్కెర కూడా వడ్డించేవారట. ఈ వర్ణన చదివినప్పుడు మనకు ఏరువాక సాగే రోజు గుర్తుకు వస్తుంది. వారు నేలను త్రవ్వే పద్ధతి కూడా సేద్యగాండ్రదే.

భోజనాలైన వెంటనే పని. పురుషులు త్రవ్వేవారు. స్త్రీలు, పిల్లలు ఆ మట్టిని మోసికొనిపోయి గోడ కట్టిన కళ్లంలో పోసేవారు. పది, పన్నెండు, ఒక్కొక్కప్పుడు పదునాలుగు అడుగుల లోతు వరకు పోయేవారు. నీరు పడినదంటే ఇక ఆశ లేదు. ఆ పడిన నీటినే కుండలతో తోడి మట్టిపై పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, తూములు తెరచి బురదను వదలేవారు. మిగిలిన ఇసుక ఎండిన తరువాత, ధాన్యాన్ని తూర్పారబట్టినట్లే చేటలలో చెరిగి, గడ్డలను నలుగగొట్టి, ఆపై అందరూ వంగి చేతులతో వెదకేవారు. యంత్రం లేదు, గంధకపు మందు లేదు. చేట, కుండ, పలుగు, పార, మనిషి చేయి, అంతే.

తవెర్నియే మొదటిసారి చూచినప్పుడు అక్కడ స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి దాదాపు 60,000 మంది పని చేస్తున్నారట. అంతకు ముందు మెథోల్డ్ 30,000 మంది అన్నాడు. యాత్రికుల లెక్కలు కొలిచి చెప్పినవి కావు. వాటిని సగానికి తగ్గించుకొన్నా, ఆనాటి పల్నాటి మెట్టలో అంతమంది ఒక్కచోట చేరడం సామాన్య విషయం కాదు. వారికి ధాన్యం ఎక్కడి నుండి వచ్చినది? ఎండాకాలంలో త్రాగేందుకు కృష్ణ నీరు ఎవరు మోసినారు? వానకాలంలో విషజ్వరాలు వచ్చినప్పుడు ఎంతమంది పోయినారు? ఈ ప్రశ్నలను ఆ వర్తకులు అడుగలేదు. వారు వచ్చినది రాళ్ల కొరకు గదా.

కూలి సంగతి మాత్రం తవెర్నియే ఒకచోట చెప్పినాడు, అదియు కర్ణాటక ప్రాంతంలోని మరియొక గనిని గూర్చి చెబుతూ. పని బాగుగా తెలిసిన కూలీకి ఏడాదికి మూడు వరహాలు. అంత తక్కువ జీతం కావడంవల్ల వారు చిన్న రాయి కనబడితే దాచుకొనుటకు వెనుదీయరని కూడా వ్రాసినాడు. గోచీ తప్ప మరి గుడ్డ లేని మనిషి దాచుకొనేదెక్కడ? మ్రింగేవారట. ఒకడు కంటికొనలో దాచినాడట. వర్తకులు దీనిని దొంగతనపు కథగా చెప్పుకొని నవ్వినారు. నాకు మాత్రం ఇది జీతపు లెక్కగానే కనబడుతున్నది. మెథోల్డ్ కాలంలో గనిని గుత్తకు తీసికొన్న స్వర్ణకారుడు సర్కారుకు సాలుకు మూడు లక్షల వరహాలు చెల్లించేవాడు. పది క్యారట్లకు మించిన రాయి ప్రతిదీ సుల్తానుకే చెందేది. మూడు లక్షలు, మూడు. ఈ రెండు సంఖ్యలు వేర్వేరు గనులవి, వేర్వేరు కాలాలవి అయినా, ప్రక్క ప్రక్కన వ్రాసి చూడదగినవి.

వజ్రపరీక్షను గూర్చి ఒక మాట చెప్పక పోలేను. ఐరోపాలో పగటి వెలుగున చూస్తే, మనవారు రాత్రి చూచేవారు. గోడలో అడుగు మేర గూడు చేసి, అందులో లావు వత్తి దీపం ఉంచి, రాయిని వ్రేళ్ల నడుమ పట్టుకొని దాని నీటిని నిర్ణయించేవారు. నీలిఛాయ ఉన్నదేమోనని అనుమానం వస్తే దట్టమైన ఆకులున్న చెట్టు నీడకు తీసికొనిపోయి, ఆ పచ్చని వెలుగులో చూచేవారు. తూకం 'మంగెలిన్' అనే మానంతో. గింజలతో తూచే మన 'మంజాడి'యే పరదేశీయుల నోట అట్లా మారినదని నిఘంటుకారులు అంటారు.

ఇక్కడి రాళ్లు ఎక్కడెక్కడికి పోయినవో వివరంగా చెప్పితే గ్రంథమవుతుంది. పారశీక దేశం నుండి వజ్రవర్తకుని పరిచారకుడుగా వచ్చి గోల్కొండ ప్రధాన మంత్రి పదవికి ఎగబ్రాకిన మీర్ జుమ్లా, తరువాత మొగలుల పక్షం చేరుతూ సమర్పించిన మహావజ్రం కొల్లూరిదేనని తవెర్నియే వ్రాసినాడు. చెక్కక ముందు దాని తూకం 900 క్యారట్లని ఒకచోట చెప్పినాడు. ఆ రాయి ఏమైనదో లోకానికి తెలియదు. తవెర్నియే స్వయంగా కొనిపోయి ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి అమ్మిన నీలివజ్రం కూడా ఇక్కడిదేనని అభిప్రాయం ఉన్నది. 1792లో అది దొంగిలింపబడి, మరల చెక్కబడి, 'హోప్' అనే పేరుతో 1958 నుండి అమెరికాలోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో ఉన్నది. కోహినూరు విషయంలో విద్యార్థులు జాగ్రత్త వహించవలెను. అది కొల్లూరిలో పుట్టినదని అందరూ అంటారు. నేనూ అనగలను, నిరూపించలేను. 1739లో నాదిర్షా ఢిల్లీని కొల్లగొట్టిన తరువాత గాని ఆ పేరుగల రాయి గ్రంథాలలో స్పష్టంగా కనబడదు. 1849లో పంజాబుతో పాటు అది ఇంగ్లీషువారి వశమైనది. 1852లో మరల చెక్కినప్పుడు 186 క్యారట్లది 105 క్యారట్ల చిల్లరకు తగ్గినది. రాళ్లకు ఎక్కని చేతులు లేవు. చివరకు ఏ ఒక్కటీ కృష్ణ ఒడ్డున మిగలలేదు.

ఇటీవల, 2025లో, శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం ఈ పెద్ద వజ్రాలు భూగర్భంలో పుట్టి పైకి వచ్చిన చోటు అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు ప్రాంతపు కింబర్లైట్ శిలలు కావచ్చును. అక్కడి నుండి ప్రాచీన నదీప్రవాహాలు వాటిని మూడు వందల కిలోమీటర్ల వరకు దొర్లించి తెచ్చి కృష్ణ గులకలో పడవేసి ఉండవచ్చును. అట్లయిన పక్షంలో కొల్లూరు రాళ్లకు సైతం పుట్టినిల్లు కాదు, నడుమ దిగిన మజిలీ.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకొన్న తరువాత గని క్షీణించినది. 1720ల నుండి బ్రెజిలు వజ్రాలు ఐరోపా అంగళ్లను ముంచెత్తినవి. 1860ల చివర దక్షిణాఫ్రికా గనులు బయటపడినవి. కొల్లూరును లోకం ఎంతగా మరచినదంటే, పందొమ్మిదవ శతాబ్దంలో తవెర్నియే గ్రంథం చదివిన ఇంగ్లీషు పండితులకు ఆ 'కొలూర్' ఎక్కడ ఉన్నదో కూడా తెలియలేదు. భారత భూగర్భ పరిశోధనశాఖలో పనిచేసిన వాలెంటైన్ బాల్ 1889లో ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులో ప్రకటిస్తూ, పాత పటాలను పరిశీలించి, అది కృష్ణ ఒడ్డున ఉన్న మన కొల్లూరే అని నిర్ణయించినాడు. ఊరు మాత్రం ఎక్కడికీ పోలేదు. పండితులు వెదకుతున్న కాలంలోనే అక్కడివారు ఒడ్డున చేలు దున్నుకొంటున్నారు. త్రవ్వి వదలిన గోతులు, దిబ్బలు పశువులు మేసే బీళ్లైనవి.

వజ్రాల కాలం రమారమి రెండు శతాబ్దాలే. సేద్యపు కాలం దానికి ముందూ ఉన్నది, వెనుకా ఉన్నది. కాని సేద్యపు కొల్లూరును గూర్చి వ్రాసినవారు లేరు. నది దాటించే పడవ, వేసవిలో సన్నబడిన పాయలో చేపలు, కళ్లంలో ఆరబోసిన మిరప, ప్రత్తి తీత రోజులు, ఆవలి ఒడ్డుతో వియ్యాలు, ఇవేవీ యాత్రికుల పుస్తకాలలోనికి ఎక్కే విషయాలు కావు.

ఆపై ఆనకట్ట. కృష్ణా డెల్టాలో పదమూడు లక్షల ఎకరాలకు సకాలంలో నీరందించుటకు సాగరానికి దిగువన మరియొక జలాశయం కావలెనన్నది చిరకాలపు ఆలోచన. 2004లో శంకుస్థాపన, 2013 డిసెంబరు 7న ప్రారంభం. నీటి నిలువ 45.77 టీఎంసీలు. ప్రసిద్ధ ఇంజనీరు డాక్టర్ కె.ఎల్. రావు పేర జలాశయం వెలసినది. పులిచింతల, కొల్లూరు, బోదనం మొదలుగాగల గ్రామాలు ఖాళీ అయినవి. డెల్టాలో నారుమడికి నీరు వేళకు అందడం చిన్న మేలు కాదు. మన బంధువులలోనే ఆ మేలు పొందినవారున్నారు. అయితే ఆ లెక్కలో ఇవతలి పద్దు కూడా వ్రాయవలెను గదా. భూమికి వెల కట్టినారు, ఇంటికి గోడలు కొలిచి కట్టినారు. ఊరికి వెల కట్టే పద్ధతి ఏ చట్టంలోను లేదు. 1645లో 60,000 మంది పేర్లు వ్రాసికొననట్లే, ఈమారు కూడా ఎవరి ఇల్లు ఎవరి ప్రక్కన ఉండేదో వ్రాసికొన్న పుస్తకం నాకు కనబడలేదు.

వేసవిలో జలాశయం నీరు తగ్గినప్పుడు పాత దిబ్బలు తేలుతవి. రాళ్ల కొరకు దూరప్రాంతాల నుండి జనం వచ్చి గులకను కెలుకుతున్నారని పత్రికలలో చదువుతూ ఉంటాము. గులకకు వెదకేవారున్నారు, జ్ఞాపకాలకు లేరు. ముంపుకు ముందు ఊరు చూచిన పెద్దలు ఇప్పుడు డెబ్బది, ఎనుబది ఏండ్లవారు. మన గ్రంథాలయంలో ఒక దళసరి చిట్టా పుస్తకం ఉంచి, ముంపు గ్రామాల కుటుంబాలకు చెందిన విద్యార్థులు తమ అవ్వతాతలు చెప్పినది చెప్పినట్లే తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాసేట్లు ఏర్పాటు చేయవలెనని కళాశాల కార్యవర్గానికి ఈ పత్రికా ముఖంగా విన్నవిస్తున్నాను. ఖర్చు ఒక పుస్తకం, ఒక కలం.

కిందటి ఏడు కొందరు విద్యార్థులతో కలిసి ఒక పునరావాస కాలనీకి పోయినాను. అక్కడ వేపచెట్టు క్రింద మిరప తొడిమలు తీస్తున్న ఒక వృద్ధురాలు కొల్లూరి మనిషని తెలిసి, మావాడొకడు ఆత్రంగా అడిగినాడు, "మామ్మా, మీ ఊళ్లో వజ్రాలు ఎప్పుడైనా చూశావా?" అని.

"రాళ్ల సంగతి నాకేం తెలుసు నాయనా," అన్నది ఆమె చేతిపని ఆపకుండా. "నేను కాపరానికొచ్చేసరికే అవన్నీ అయిపోయినయ్యంట. మా ఇంటెనక దిబ్బ మాత్రం ఉండేది. దాని మీద మా మామ కళ్లం చేశాడు. గాలి బాగా తగిలేది, మిరపకాయ నాలుగు రోజుల్లో గలగలమనేది. ఇక్కడ గాలి లేదు."

మావాడు కాగితం తీసి, ఆ కళ్లానికి ఏ దిక్కున ఎవరి ఇల్లు ఉండేదో చెప్పమన్నాడు. ఆమె తొడిమలు ప్రక్కకు నెట్టి, వ్రేలితో మట్టిలో ముందు కృష్ణను గీసినది.